కొట్టా, హోల్‌సేలా, సూపర్ మార్కెట్టా? తక్కువ డబ్బుతో ఇల్లు నడిపేవాళ్లకు ఒక లెక్క

మా అమ్మది కనిగిరి పక్కన పల్లె. నేను పెళ్లయి నెల్లూరు వచ్చాను. కాపురం పెట్టిన కొత్తలో సరుకులన్నీ వీధి చివర కొట్టులోనే, ఖాతా మీద. నెలాఖరుకు పుస్తకం కూడితే ఆయన జీతంలో సగానికి దగ్గరగా తేలేది. శెట్టిగారు రేటు ఎక్కువ వేస్తున్నారని నా అనుమానం. ఒకసారి అమ్మ వచ్చినప్పుడు ఆ పుస్తకం చదివి వినిపించమంది. చదివాను. ఆ నెలలో అర లీటరు నూనె ప్యాకెట్లు పదకొండు, పావు కిలో కందిపప్పు పద్నాలుగు సార్లు, టీ పొడి పొట్లాలు లెక్కలేనన్ని. "శెట్టిని అనబాకు. పావూ అరా కొంటే ఇంతే అయిద్ది" అంది అమ్మ.

ఆ రోజు నుంచి లెక్క రాయడం మొదలుపెట్టాను. ఎక్కడ కొనాలి, ఏ పప్పు కొనాలి, రేషన్ బియ్యం తినాలా వద్దా అని తెలిసినవాళ్లు అడిగినప్పుడల్లా ఒకే ప్రశ్న ఎదురు వేస్తాను: మీ ఇంటికి డబ్బు ఎప్పుడు వస్తుంది? రోజూ వస్తుందా, శనివారం వారం కూలి బట్వాడానా, ఒకటో తేదీనా, రొయ్యలు పట్టినప్పుడా, పొగాకు అమ్మినప్పుడా? అందరికీ చౌకైన కొట్టంటూ ఒకటి లేదు. డబ్బు వచ్చే తీరుకు సరిపోయే కొట్టు ఉంటుంది, సరిపోనిది ఉంటుంది.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది ఇప్పుడు చెప్పిందే, డబ్బు వచ్చే తీరు. రెండోది కిలో ధర. ప్యాకెట్ ధర చూడకండి, కిలోకు ఎంత పడిందో చూడండి. దానికి ఆటో ఖర్చు కలపండి. పోను నలభై, రాను నలభై పెట్టి హోల్‌సేల్‌కు వెళ్లి అరవై రూపాయలు మిగుల్చుకుంటే ఇరవై నష్టం.

మూడోది, తెచ్చినదంతా తింటామా అన్నది. మన నెల్లూరు వైపు తీరం. గాలిలో తేమ ఎక్కువ. పైగా వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఆ నెలల్లో రవ్వ, శనగపిండి, పెసరపప్పు ఎక్కువ తెచ్చి పెడితే పురుగు పడుతుంది. పారేసిన కిలోను మిగుల్చుకున్న డబ్బులో నుంచి తీసేయాలి.

నాలుగోది అరువు. చేతిలో డబ్బు లేని రోజు ఎవరిస్తారు? దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. కూలి ఇంటికి మాత్రం అన్నిటికంటే పెద్ద విషయం ఇదే.

| ఎక్కడ | కిలో ధర | ఒకేసారి కావాల్సిన డబ్బు | అరువు | ఎవరికి కుదురుతుంది |
|---|---|---|---|---|
| వీధి కొట్టు | ఎక్కువ | చాలా తక్కువ | ఉంటుంది | రోజు కూలి, ఒంటరి పెద్దవాళ్లు |
| హోల్‌సేల్ వీధి | తక్కువ | ఎక్కువ | పాత బేరమైతేనే | నెల జీతం, పెద్ద కుటుంబం |
| సూపర్ మార్కెట్ | కొన్నిటికి తక్కువ | మధ్యస్థం | ఉండదు | జాబితా రాసుకుని వెళ్లేవాళ్లు |
| రైతు బజారు, వారపు సంత | కూరగాయలకు తక్కువ | తక్కువ | ఉండదు | పొద్దున్నే వెళ్లగలిగేవాళ్లు |
| నలుగురు కలిసి కొనడం | హోల్‌సేల్ ధరే | మధ్యస్థం | మాట మీద | ఒకరినొకరు ఎరిగిన వీధి |

రేషన్‌ను పట్టికలో పెట్టలేదు. కార్డు ఉన్న ఇంటికి మిగతా లెక్కంతా దాని మీదే లేస్తుంది కాబట్టి ముందు దాని గురించే.

## రేషన్ బియ్యం: తినాలా, వదలాలా?

మామూలు కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకు ఇంటికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద బియ్యం ఉచితం. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్ నుంచి ఇంటింటికీ రేషన్ తెచ్చే బండ్లు ఆపేసి మళ్లీ రేషన్ డిపోల దగ్గరే ఇస్తున్నారు.

నలుగురున్న ఇంటికి 20 కిలోలు వస్తాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు చాలు. నలుగురికి నెలకు 30 కిలోలు. అంటే మూడింట రెండొంతులు రేషన్‌లోనే వచ్చేసినట్టు. మనం అన్నం అంతకంటే ఎక్కువే తింటాం, నిజమే. అయినా ఈ లెక్క చూశాక ఆ బియ్యాన్ని వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు.

చాలా ఇళ్లలో ఆ బియ్యాన్ని కిలో పదికో పదిహేనుకో ఇచ్చేసి సన్నబియ్యం కొంటారు. అది నేరం అన్న సంగతి పక్కన పెట్టి డబ్బు మాటే చూద్దాం. ఇరవై కిలోలు ఇచ్చేస్తే చేతికి వచ్చేది రెండు మూడు వందలు. అదే బియ్యంలో ఎనిమిది కిలోలు దోశ, ఇడ్లీ, పులిబొంగరాల పిండికి, రెండు కిలోలు మరపట్టి బియ్యప్పిండికి, మిగతాది పులిహోరకు, పొంగలికి, పిల్లల రాత్రి భోజనానికి వాడితే కిలో యాభై పెట్టి కొనే బియ్యం ఇరవై కిలోలు తగ్గుతుంది. అది వెయ్యి రూపాయలు. సన్నబియ్యం మధ్యాహ్నం అన్నానికి మాత్రం ఉంచుకోండి. మా ఇంట్లో ఇలాగే నడుస్తోంది. దోశకు రేషన్ బియ్యమే బాగుంటుందని మా అత్తమ్మే ఒప్పుకున్నారు.

అందులో అక్కడక్కడ రంగు తేడాగా, నీళ్లలో తేలే గింజలు కనిపిస్తాయి. ప్లాస్టిక్ అని ఏరి పారేస్తారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి బియ్యప్పిండితోనే చేసిన గింజలు. నూటికి ఒకటి చొప్పున కలిపినవి. రక్తం తక్కువున్న ఆడవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. దయచేసి వాటిని పారేయకండి. ఎక్కువ నీళ్లు పోసి గంజి వార్చకుండా అత్తెసరు పెడితే ఇంకా మంచిది.

డిపోలో చక్కెర అర కిలో 17 రూపాయలకు, కందిపప్పు కిలో 67 రూపాయలకు ఇచ్చిన నెలలున్నాయి, ఇవ్వని నెలలున్నాయి. ఇచ్చిన నెలలో కందిపప్పు తప్పకుండా తెచ్చుకోండి. బయటి ధరలో దాదాపు సగం.

## వీధి కొట్టు

దీన్ని చులకనగా చూసే సలహాలు చాలా విన్నాను. నేను అలా అనను. భర్తకు జ్వరమొచ్చి పది రోజులు పనికి పోని ఇంటికి పప్పూ ఉప్పూ ఇచ్చేది ఆ కొట్టే. ఆ పది రోజుల అరువును బయట వడ్డీకి తెచ్చుకుంటే ఎంతవుతుందో వేసుకోండి. కిలోకు అయిదారు రూపాయలు ఎక్కువ తీసుకున్నా కూలి ఇంటికి అది నష్టం కాదు.

నష్టం చిన్న పొట్లాల్లో ఉంది. కాబట్టి కొట్టు మార్చకండి, కొనే తీరు మార్చండి. నాలుగు సరుకులు పావూ అరా కొనడం మానేయండి: నూనె, కందిపప్పు, టీ పొడి, బట్టల సబ్బు. కూలి బాగా వచ్చిన వారంలో వీటిలో ఒక్కటి పెద్దది కొనండి. ఈ వారం లీటరు నూనె, వచ్చే వారం రెండు కిలోల పప్పు. రెండు నెలల్లో నాలుగూ పెద్ద కొలతలోకి మారతాయి. అరువు పుస్తకంలో శెట్టిగారు రాసే ప్రతిసారీ సరుకు, తూకం, ధర మూడూ రాయమనండి. మొత్తం ఒక్క అంకె రాస్తే నెలాఖరుకు మీకు గుర్తుండదు, ఆయనకూ గుర్తుండదు.

## హోల్‌సేల్

నెల్లూరులో అంటే స్టోన్‌హౌస్‌పేట. మిగతా ఊళ్లలోనూ వెతికితే హోల్‌సేల్ కిరాణా వీధి ఒకటి కనిపిస్తుంది. నెలకు ఒక్కసారి, జాబితాతో వెళ్లేవాళ్లకు ఇదే చౌక. ముఖ్యంగా పప్పులు, చింతపండు, ఎండుమిరప, బెల్లం, బియ్యం.

బియ్యం బస్తా కొనేటప్పుడు ఒక సంగతి గమనించండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉండే లేబుల్ బస్తాల మీద 5 శాతం జీఎస్టీ పడింది. అందుకే 26 కిలోల బస్తాలు వచ్చాయి. ఒక చోట 25 కిలోలది 1,300, ఇంకో చోట 26 కిలోలది 1,330 చెబితే మొదటిది చౌకలా కనిపిస్తుంది. భాగించి చూస్తే మొదటిది కిలో 52, రెండోది 51 చిల్లర. బస్తా మీద తూకం చదవకుండా బేరం మొదలుపెట్టకండి.

సన్నబియ్యంలో ఎక్కువమంది అడిగేది బాపట్లలో పుట్టిన బీపీటీ 5204. సాంబ మసూరి అంటే అదే. నెల్లూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన నెల్లూరు మసూరి కూడా తినడానికి సన్నమే. పేరు కంటే పాతదా కొత్తదా అన్నది ముఖ్యం. పాత బియ్యం నీళ్లు ఎక్కువ పీల్చి ఎక్కువ అన్నం అవుతుంది. కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువైనా పెద్ద కుటుంబానికి కలిసొస్తుంది. కొత్త బియ్యం ముద్దవుతుంది, సంగటికి, పొంగలికి పనికొస్తుంది. ఇంకా తక్కువలో కావాలంటే నూకలు అడగండి. ఉప్మాకు, రాగి సంగటికి నూకలే సరి.

హోల్‌సేల్‌లో చిక్కు ఒకటుంది. ఇంట్లో నిండుగా ఉంటే చెయ్యి ధారాళమవుతుంది. అయిదు లీటర్ల నూనె డబ్బా తెచ్చిన నెల మా ఇంట్లో బజ్జీలు ఎక్కువయ్యాయి. ఇప్పుడు డబ్బా తెచ్చినా వారానికింతని చిన్న సీసాలో పోసుకుని మిగతాది పైన పెట్టేస్తున్నాను.

## సూపర్ మార్కెట్, ఫోను యాప్‌లు

పప్పులు, నూనె, సబ్బుల మీద కొన్ని రోజులు నిజంగా తక్కువ ధర ఉంటుంది. కానీ మూడు వస్తువులకు వెళ్లి తొమ్మిది తెస్తాం. పిల్లలను ఇంట్లో ఉంచి, డబ్బు లెక్క పెట్టి జేబులో వేసుకుని, కార్డు ఇంట్లో వదిలి వెళ్లగలిగితే వెళ్లండి.

నూనె ప్యాకెట్ దగ్గర మాత్రం ఆగండి. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. అదే పరిమాణంలో కనిపించే ప్యాకెట్లలో కొన్నిటి మీద 800 గ్రాములో 850 గ్రాములో ఉంటుంది. ధర పది రూపాయలు తక్కువని తీసుకుంటే నూనె కూడా తక్కువే. తూకం అంకె చదివాకే బుట్టలో వేయండి.

యాప్‌ల గురించి ఎక్కువ చెప్పేది లేదు. తక్కువ డబ్బుతో ఇల్లు నడిపేవాళ్లకు అవి నప్పవు. డెలివరీ ఖర్చు తప్పించుకోవడానికి అవసరం లేనివి కలపాల్సి వస్తుంది.

## రైతు బజారు, సంత

1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. నెల్లూరులో ఫతేఖాన్‌పేట రైతు బజారు చాలామందికి తెలుసు. ఒంగోలులోనూ ఉంది. ధరల బోర్డు చూసి కొనొచ్చు. పొద్దున సరుకు తాజాగా ఉంటుంది. సాయంత్రం బేరం తెగుతుంది కానీ ఆకుకూర వాడిపోయి ఉంటుంది. ఆకుకూరలు పొద్దున, దోసకాయ, గుమ్మడి, కంద, ఉల్లిపాయ సాయంత్రం కొనడం నా పద్ధతి.

వానల నెలల్లో కూరగాయలు మండిపోతాయి. అప్పుడు టమాటా కోసం పోరాడే బదులు పులుపు మార్చుకోండి. చింతపండు, గోంగూర నిల్వ పచ్చడి, ఎండల్లో ఎండబెట్టిన మామిడి ఒరుగులు. పప్పులో నాలుగు ఒరుగు ముక్కలు వేస్తే టమాటా లేని లోటు తెలియదు. గోరుచిక్కుడు, వంకాయ ఒరుగులు కూడా మే నెలలో పెట్టుకుంటే నవంబరులో కూర అవుతాయి. మా అమ్మ ఇప్పటికీ సంచి నిండా పంపిస్తుంది.

## ఏడాదికి ఒకసారి కొనేవి

కనిగిరి, మార్కాపురం వైపు కందులు సంక్రాంతికి అటూ ఇటూ ఇంటికి వస్తాయి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో శనగలు ఫిబ్రవరి, మార్చిలో. చింతపండు, ఎండుమిరప కూడా అప్పుడే. అందుకే మాఘం, ఫాల్గుణంలో ఏడాది సరుకు పోసుకోవడం మన పెద్దల అలవాటు. ఊళ్లో బంధువులుంటే కందులు తెచ్చి ఆడించుకుంటే మిగులు బాగా ఉంటుంది.

దీనికి ఒకేసారి నాలుగైదు వేలు కావాలి. ఆ డబ్బు వడ్డీకి తెచ్చి కొంటే మిగులంతా వడ్డీకే పోతుంది. చింతపండు, ఎండుమిరప రెండిటితో మొదలుపెట్టండి. రెండూ ఏడాది నిలుస్తాయి, ఖర్చు తక్కువ. కందిపప్పు నాలుగు నెలలకు మించి పెట్టాలంటే ఎండబెట్టి, ఎండుమిరపకాయలు, వేపాకు వేసి డబ్బాకు గాలి చొరకుండా మూయాలి.

## ముగ్గురు నలుగురు కలిసి కొనడం

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. 1992లో దూబగుంట అనే పల్లె ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన నెల్లూరు జిల్లా మనది. ఆ ఉద్యమం వెంటే రోజుకు రూపాయి పొదుపు అంటూ మహిళా సంఘాలు పుట్టాయి. అప్పు తీసుకోవడానికి, కట్టడానికి కలిసి కూర్చునే మనం సరుకులు కలిసి ఎందుకు కొనకూడదు?

మా వీధిలో నలుగురం చేస్తున్నాం. శనివారం బట్వాడా వచ్చాక ఒక్కొక్కరు అయిదు వందలు వేస్తాం. నెలలో మొదటి వారం పప్పులు, రెండో వారం నూనె పెట్టె, మూడో వారం బెల్లం, చింతపండు, ఉల్లిపాయల సంచి, నాలుగో వారం బియ్యం బస్తా. ఇద్దరు వెళతారు, ఒకే ఆటో. తూకం వేసి పంచుకుంటాం. రోజు కూలి ఇంటికి హోల్‌సేల్ ధర దొరికే మార్గం నాకు తెలిసి ఇదొక్కటే.

మొదటిసారి గొడవైంది. ఉల్లిపాయల్లో కుళ్లినవి ఎవరి వాటాలోకి వెళ్లాలన్న మాట మీద ఇద్దరు నెల రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత ముందే మాట అనుకున్నాం: కుళ్లినవి ఏరి, మిగిలింది తూచి పంచాలి. బిల్లు అందరికీ చూపించాలి. ఎవరి దగ్గర డబ్బు లేకపోతే ఆ వారం వాటా లేదు, అరువు లేదు. ఈ చివరి మాట కఠినంగా అనిపిస్తుంది. అది లేకపోతే నలుగురం విడిపోయేవాళ్లం.

## పళ్లెంలోకి ఏది? మాంసకృత్తుల లెక్క

డబ్బు తగ్గినప్పుడు ఇళ్లలో ముందు తగ్గేది పప్పు, గుడ్డు. అన్నం, పచ్చడి మిగులుతాయి. కడుపు నిండుతుంది, పిల్లల ఒళ్లు నిండదు. పోషకాహార సంస్థ లెక్కలో మనిషికి రోజుకు పప్పుదినుసులు 85 గ్రాములు. నలుగురికి నెలకు పది కిలోలు! మా ఇంట్లో మూడు కిలోలు దాటేది కాదు. పది కిలోల కందిపప్పు కొనలేం. అందుకే ఏ పప్పు రూపాయికి ఎంత ఇస్తుందో లెక్క వేశాను. ధరలు లెక్క కోసం గుండ్రంగా తీసుకున్నవి. మీ ఊరి ధర వేసి మళ్లీ భాగించుకోండి.

| సరుకు | లెక్కకు తీసుకున్న ధర | 10 రూపాయలకు మాంసకృత్తులు (సుమారు) | ఉడికే తీరు |
|---|---|---|---|
| మీల్ మేకర్ | కిలో 140 | 36 గ్రా | తొందరగా |
| ఉలవలు | కిలో 80 | 27 గ్రా | చాలాసేపు |
| శనగలు | కిలో 80 | 24 గ్రా | నానబెట్టాలి |
| శనగపప్పు | కిలో 90 | 23 గ్రా | మధ్యస్థం |
| పెసరపప్పు | కిలో 120 | 20 గ్రా | తొందరగా |
| అలసందలు | కిలో 110 | 19 గ్రా | నానబెట్టాలి |
| కందిపప్పు | కిలో 130 | 17 గ్రా | మధ్యస్థం |
| వేరుశనగ గుళ్లు | కిలో 140 | 17 గ్రా | వేపితే చాలు |
| గుడ్డు | ఒకటి 6.50 | 9 గ్రా | తొందరగా |
| కోడి మాంసం | కిలో 240 | 6 గ్రా లోపు | మధ్యస్థం |
| పాలు | లీటరు 60 | 5 గ్రా | – |

పట్టిక చూసి మీల్ మేకర్ ఒక్కటే తెచ్చుకోవాలని కాదు. రోజూ తినలేం, వారానికి రెండుసార్లు కూరలో చాలు. ఉడికించి నీళ్లు గట్టిగా పిండి, మసాలాలో వేస్తేనే పిల్లలు తింటారు. నేను చెప్పేది కందిపప్పు గురించి. మనకు పప్పంటే కందిపప్పే. పప్పుచారు లేని రోజు భోజనంలా అనిపించదు. అది ఉండనివ్వండి, వారానికి మూడు రోజులు. మిగతా రోజులు పెసరపప్పు, శనగపప్పు వేసిన సొరకాయ కూర, అలసందల కూర, ఉలవచారు. సాయంత్రం పిల్లలకు బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే మాంసకృత్తుల భాగం పప్పుల్లో బాగా ఉంటుంది. అందుకే పచ్చడి మెతుకుల కంటే గరిటెడు పప్పు వేసిన అన్నం ఒంటికి పడుతుంది.

గ్యాస్ సంగతి మరవకండి. ఉలవలు, శనగలు చౌకే కానీ నానబెట్టకుండా పొయ్యెక్కిస్తే మిగిలింది గ్యాస్‌కు పోతుంది. రాత్రంతా నానబెట్టి కుక్కర్‌లోనే పెట్టాలి. కట్టెల పొయ్యి ఉన్న ఇంటికి ఈ బాధ లేదు. రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇళ్లు కూడా ఇలా నానబెట్టి వండితే నాలుగోది కొనే రోజును వెనక్కి నెట్టుకోవచ్చు. కుక్కర్ లేకపోతే పెసరపప్పే మీకు చౌక, పట్టికలో కింద ఉన్నా సరే.

గుడ్డు పట్టికలో వెనకబడింది. అయినా ఎదిగే పిల్లలున్న ఇంట్లో గుడ్డు తీసేయవద్దని నా గట్టి మాట. పప్పుల్లో లేని బి12 అందులో ఉంది, ఒంటికి పట్టే తీరూ వేరు. కోడి మాంసం నెలకు నాలుగు ఆదివారాల నుంచి రెండుకు తగ్గించి ఆ డబ్బుతో గుడ్లు తెస్తే ఇంటిల్లిపాదికీ వారానికి మూడేసి వస్తాయి. పాలు కొనలేని ఇళ్లకు రాగులు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే తూకం పాలలో 120. పాలలోదంత తేలిగ్గా ఒంటికి పట్టదు కానీ, మొలక కట్టి పిండి పట్టిస్తే మెరుగవుతుంది.

చేపలు కొనేటప్పుడు కాలం చూడాలి. మామిడికాయ వేసిన పులుసంటే వంజరమే కావాలని కూర్చుంటే ఖర్చు. మైపాడు, కొత్తపట్నం వైపు నుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు చౌకలో దొరుకుతాయి, బలమూ తక్కువేం కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలు సముద్రపు చేప ధర ఎక్కుతుంది. అప్పుడు చెరువు చేపలు తినండి, లేదా మార్చిలోనే ఎండు నెత్తళ్లు కొని పెట్టుకోండి. గుప్పెడు నెత్తళ్లు వంకాయలో వేస్తే ఇంటికంతా కూర. రక్తపోటు ఉన్నవాళ్లు మాత్రం రెండు మూడుసార్లు వేడినీళ్లలో కడిగి ఉప్పు పోగొట్టాకే తినాలి.

నూనెకు సంస్థ చెప్పే లెక్క మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. మేం అయిదున్నర వాడేవాళ్లం, పదకొండు ప్యాకెట్లు గుర్తున్నాయి కదా. రెండు లీటర్లు తగ్గిన డబ్బుతో రెండు కిలోల పప్పు వచ్చింది. ఏ నూనె అన్నదాని కంటే ఎంత నూనె అన్నది ముందు చూడండి.

## మీ ఇల్లు ఏ కోవలోది?

రోజు కూలి అయితే: రేషన్ పూర్తిగా వాడండి. కొట్టు ఖాతా ఉంచుకోండి, పొట్లాలు తగ్గించండి. వీధిలో ముగ్గురిని కలుపుకుని వారం చీటీలా సరుకు కొనండి. మధ్యాహ్నం టౌన్‌లో పని ఉన్న మనిషికి అన్న క్యాంటీన్‌లో భోజనం అయిదు రూపాయలు. ఇంటి నుంచి క్యారియర్ తేలేని రోజు హోటల్లో ఎనభై పెట్టకుండా అక్కడ తినండి.

నెల జీతమైతే: ఒకటో తేదీ తర్వాతి ఆదివారం హోల్‌సేల్, వారానికోసారి రైతు బజారు. వీధి కొట్టులో పెరుగు, కరివేపాకు లాంటివి తప్ప ఏదీ వద్దు. జీతం పన్నెండు వేలైనా పాతిక వేలైనా క్రమం ఇదే.

రొయ్యల గుంటలు, పొగాకు, మిరప మీద బతికే ఇల్లయితే: డబ్బు వచ్చిన నెలలోనే ఆరు నెలల బియ్యం, ఏడాది చింతపండు, మిరప తీసేయండి. ఆ డబ్బు చేతిలో ఉంటే వేరే వాటికి పోతుంది. పప్పు మాత్రం మూడు నెలలకే.

ఇద్దరు పెద్దవాళ్లే ఉంటే హోల్‌సేల్ జోలికి పోవద్దు. పురుగు పడుతుంది, మోయలేరు. వీధి కొట్టులో అర కిలోల లెక్కన కొనడమే మీకు సరి. 65 దాటినవాళ్లకు, నడవలేనివాళ్లకు రేషన్ ఇంటికే ఇచ్చే ఏర్పాటు ఉంది, డిపోలో అడిగి పేరు చూసుకోండి. పళ్లు లేనివాళ్లకు పెసరపప్పు, రాగి జావ, మెత్తగా ఉడికిన గుడ్డు.

రొయ్యల కంపెనీల్లో పనికొచ్చి గదుల్లో ఉంటున్న కుర్రకారుకు: నలుగురుంటే ఒక కుక్కర్, ఒక బస్తా బియ్యం, పెసరపప్పు, గుడ్లు. వంట చేసేవాళ్లకు ఆ రోజు గిన్నెలు తోమే పని తప్పిస్తే పొయ్యి రోజూ వెలుగుతుంది.

ఇంట్లో గర్భిణి, బాలింత, ఆరేళ్ల లోపు పిల్లలు ఉంటే మొదట అంగన్‌వాడీలో పేరు రాయించండి. గుడ్లు, పాలు అక్కడ వస్తాయి. మొహమాటపడి వెళ్లని కోడళ్లను నేను చూశాను. బడికి వెళ్లే పిల్లలను మధ్యాహ్నం బళ్లోనే తిననివ్వండి, గుడ్డు అక్కడ ఉంటుంది. ఇంటి నుంచి డబ్బా పంపితే ఆ గుడ్డు పోయినట్టే. గర్భిణికి వచ్చిన గుడ్డు మాత్రం ఇంటికి తెచ్చి నలుగురికీ పంచకండి. అది ఆమె తినాల్సింది.